అమ్మ గుండె వాల్వుకి ఎంపీ లెటర్: మే 27 నుంచి జూలై 22 దాకా

ఎకో రిపోర్టు చూస్తూ చూస్తూ డాక్టరు గారు పెన్నుకి మూత పెట్టేశారు. అప్పుడే నాకు అర్థమైపోయింది, ఇక మందులతో పోయేది కాదని. 2025 మే 27, మంగళవారం.

చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చిందా అని అడిగారు. పదేళ్లప్పుడు మోకాళ్లు వాచి నెలల తరబడి మంచంలో ఉన్నానని అమ్మ చెప్పింది. అప్పటి ఆ జ్వరమే మెల్లగా గుండె వాల్వుని గట్టిపరిచిందట. బెలూన్‌తో తెరిచే దశ దాటిపోయింది, మైట్రల్ వాల్వు మార్చాల్సిందే, రెండు నెలలకు మించి ఆగొద్దు అన్నారు. బిల్లింగ్ కౌంటర్లో రాసిచ్చిన ఎస్టిమేట్ 3,60,000 రూపాయలు.

నేను కార్ఖానాలో ఒక టైల్స్ షాపులో అకౌంట్స్ చూస్తాను. జీతం 19 వేలు. తమ్ముడు బైక్ ట్యాక్సీ నడుపుతాడు. నాన్న లేరు. నాన్న పోయాక రేషన్ కార్డు వ్యవహారం తేలలేదు, కొత్తదానికి పెట్టుకున్నాం, ఇంకా చేతికి రాలేదు. అందుకని ఆరోగ్యశ్రీ మాకు కుదరలేదు. అది వేరే కథ, ఇక్కడ రాయను. ఎస్టిమేట్ ఇచ్చిన అమ్మాయే నా మొహం చూసి గొంతు తగ్గించి, "అక్కా, మీ ఎంపీ లెటర్ తెచ్చుకుంటే పీఎం రిలీఫ్ ఫండ్ నుంచి కొంత వస్తుంది. మా దగ్గర చాలామందికి వచ్చింది" అంది.

ఎంపీ ఆఫీసా? నేను పుట్టి 36 ఏళ్లలో ఏ లీడరు గడపా తొక్కలేదు. ఏ పార్టీ అని అడుగుతారేమో, ఎవరిని తీసుకొచ్చావంటారేమో, ఏమైనా ఇవ్వాలేమో. ఆ రాత్రంతా ఇవే ఆలోచనలు.

మే 29, గురువారం. షాపులో లీవు చెప్పి, ఇస్త్రీ చీర కట్టుకుని సికింద్రాబాద్ ఎంపీ ఆఫీసుకి పోయాను. పుట్టినప్పటి నుంచి మా అడ్రసు "తిరుమలగిరి, సికింద్రాబాద్" అనే రాస్తున్నాం కదా. అక్కడ కూర్చున్నాయన చాలా మర్యాదగానే, "ఓటర్ కార్డు ఉందా అమ్మా?" అని అడిగి, కార్డు తీసుకుని వెనక్కి తిప్పాడు. 71, సికింద్రాబాద్ కంటోన్మెంట్ అని ఉంది.

"మీది మల్కాజిగిరి పార్లమెంటు. మా దాంట్లో సికింద్రాబాద్ అసెంబ్లీ వస్తుంది, కంటోన్మెంట్ రాదు."

"అడ్రసులో సికింద్రాబాద్ అనే ఉంది కదండీ!"

"పోస్టాఫీసు సికింద్రాబాద్ వేరు, పార్లమెంటు సికింద్రాబాద్ వేరు తల్లీ."

సిగ్గేసింది. పోయినేడు మే 13న లైన్లో నిలబడి ఓటు వేసినదాన్నే. ఆ రోజు మాకు ఎమ్మెల్యే ఉప ఎన్నిక కూడా ఉండటంతో రెండు మిషన్లు, రెండు బటన్లు. వేలి మీద సిరా ఫొటో తీసి స్టేటస్ కూడా పెట్టాను. ఏ పార్లమెంటుకి వేశానో మాత్రం తెలీదు. ఎవరైనా ఇదే పని మీద బయల్దేరుతుంటే, కాళ్లకి చెప్పులు వేసుకునే ముందు ఓటర్ కార్డు వెనక వైపు చూసుకోండి. నాకు ఒక రోజు జీతం పోయింది.

శుక్రవారం, శనివారం షాపులో స్టాక్ లెక్కలు. సోమవారం పోదామని అన్నీ సర్దుకున్నాక తమ్ముడు, "అక్కా, రేపు జూన్ 2" అన్నాడు. తెలంగాణ ఆవిర్భావ దినోత్సవం. ఏ ఆఫీసులోనైనా జెండా తప్ప మనుషులు దొరకరు. అలా ఇంకో రోజు పోయింది.

జూన్ 3, మంగళవారం పొద్దున 9:40కి మా ఎంపీ ఆఫీసులో ఉన్నాను. అప్పటికే నా టోకెన్ 23. గుమ్మం దగ్గర ఒక పిల్లాడు రిజిస్టర్ పెట్టుకుని పేరు, ఫోన్ నంబరు, ఏరియా, పని రాసుకుంటున్నాడు.

"ఎక్కడి నుంచి మేడమ్?"

"తిరుమలగిరి."

"తిరుమల అయితే ఈ రిజిస్టర్ కాదు, పక్కది. ఎంతమందికి?"

"తిరుమల కాదు బాబూ, తిరుమలగిరి. లాల్‌బజార్ దగ్గర."

వెనక నిలబడ్డ వాళ్లంతా నవ్వారు. భయంలో ఉన్న నాకు కూడా నవ్వొచ్చింది. తర్వాత తెలిసింది, ఆ పిల్లాడి తప్పేం లేదు. వచ్చే వాళ్లలో చాలామంది తిరుమల దర్శనం లెటర్ కోసమే. తెలంగాణ లీడర్ల లెటర్లు తిరుమలలో ఆ ఏడాది మార్చి 24 నుంచి మళ్లీ తీసుకోవడం మొదలైంది కదా, అప్పట్లో సోమ, మంగళవారాలు బ్రేక్ దర్శనం, బుధ, గురువారాలు 300 రూపాయల దర్శనం, ఒక లెటర్‌కి ఆరుగురి దాకా. ఆ రోజు దర్శనం రిజిస్టర్ మా రిజిస్టర్ కంటే లావుగా ఉంది.

నా వంతు వచ్చేసరికి రెండు గంటల ఇరవై నిమిషాలు పట్టింది. అంతసేపూ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వచ్చేపోయే వాళ్లని చూడటమే పని. ఒకాయన కూతురికి కేంద్రీయ విద్యాలయంలో సీటు కోసం ఎల్బీ నగర్ నుంచి వచ్చాడు. ఎంపీ కోటా 2022లోనే తీసేశారని చెబితే నమ్మడు. "మా బావమరిది కొడుక్కి ఎంపీ లెటర్‌తోనే వచ్చింది" అంటాడు. అది ఎప్పుడని అడిగితే 2019. ఒక కుర్రాడు వెయిటింగ్ లిస్టు టికెట్ పట్టుకుని ఎమర్జెన్సీ కోటా లెటర్ కోసం వచ్చాడు, రైలు ఆ రాత్రికే. ఇవాళ్టి రైలుకి ఇవాళ వస్తే ఎలా, రైల్వే వాళ్ల ఆఫీసు రైల్ నిలయానికి ముందుగానే చేరాలి కదా అని వాడికి చీవాట్లు పడ్డాయి. ఒకామె వీధి మోరీ పొంగుతోందని ఫోన్లో వీడియో చూపిస్తోంది. ఆమెది కుత్బుల్లాపూర్ వైపు. అక్కడైతే అది జలమండలి పని, కంటోన్మెంట్ అయితే కంటోన్మెంట్ బోర్డు పని అని చెప్పి, ఎవరికి ఫోన్ చేయాలో చీటీ మీద రాసిచ్చారు. చీటీ తీసుకుంది గానీ ఆమె మొహంలో కోపం పోలేదు. ఆమెని తప్పు పట్టలేను. మోరీ నీళ్లు గుమ్మంలోకి వస్తుంటే అది ఎవరి పరిధి అయితే మనకేంటి?

ఒక కాలనీ సంఘం పెద్దలు ముగ్గురు పార్కులో ఓపెన్ జిమ్ కోసం ఎంపీ ల్యాడ్స్ డబ్బులు, అంటే నియోజకవర్గంలో పనులకు ఎంపీకి కేటాయించే నిధులు, అడగడానికి వచ్చారు. వాళ్లతో మాట్లాడింది ఆ ఆఫీసులో పెద్దాయన, ఎంపీ గారి పీఏ అనుకుంటా. అందరూ సార్ అనే పిలుస్తున్నారు. "ఏడాదికి 5 కోట్లు. మేడ్చల్, మల్కాజిగిరి, కుత్బుల్లాపూర్, కూకట్‌పల్లి, ఉప్పల్, ఎల్బీ నగర్, కంటోన్మెంట్, ఏడు అసెంబ్లీలకు పంచితే ఒక్కోదానికి 71 లక్షలు. అదీ మా చేతికి రాదు, మేం రాసి పంపితే కలెక్టర్ ఆఫీసు చేయిస్తది" అన్నాడు. నాది అకౌంట్స్ బుర్ర కదా, ఊరుకోలేక ఫోన్లో లెక్క వేశాను. 37 లక్షలకు పైగా ఓటర్లు, 5 కోట్లు. తలకి 13 రూపాయలు. టోకెన్ 23 పట్టుకుని కూర్చున్న నాకు ఆ లెక్క చూసి ధైర్యం రాలేదు.

నా వంతు వచ్చింది. పెద్దాయన కళ్లజోడు నుదుటి మీదకి తోసి, నా కాగితాలన్నీ బల్ల మీద పేకముక్కల్లా పరిచాడు.

"ఆపరేషన్ అయిందా, కావాల్నా?"

"ఇంకా కాలేదు సార్."

"అయితే మంచిదే. అయిపోయినంక వస్తే ఢిల్లీ నుంచి పైసా రాదు. అయిన ఖర్చుకు ఇయ్యరు, కాబోయే ఖర్చుకే ఇస్తరు. నెలకు నలుగురు వస్తరు బిడ్డా, డిశ్చార్జ్ బిల్లు పట్టుకొని. ఏం చెప్పాల్నో తెల్వదు నాకు."

తర్వాత కంప్యూటర్ దగ్గరున్న అమ్మాయిని పిలిచి మా హాస్పిటల్ లిస్టులో ఉందో లేదో చూడమన్నాడు. గవర్నమెంటు హాస్పిటల్ అయినా అయుండాలి, లేదా ఆ ఫండ్ లిస్టులో ఉన్న ప్రైవేటు హాస్పిటల్ అయినా అయుండాలి. ఉంది. నేను గట్టిగా ఊపిరి వదిలిన చప్పుడు నాకే వినిపించింది.

బల్ల పక్కన శుభలేఖల గుట్ట ఉంది. పెళ్లికి పిలవడానికి వచ్చిన వాళ్లు ఇచ్చిపోయినవి, మూలలకి పసుపు రాసినవి. ఆయన ఒకటి తీసి ఖాళీ ఉన్న సగం చింపి, దాని వెనక నాకు లిస్టు రాశాడు. అప్లికేషన్ ఫారం మీద అమ్మ సంతకం, రెండు పాస్‌పోర్టు ఫొటోలు, ఆధార్ జిరాక్సు, డాక్టరు సంతకం, స్టాంపు ఉన్న ఒరిజినల్ ఎస్టిమేట్, ఇన్‌కం సర్టిఫికెట్. ఆ ముక్క ఇప్పటికీ నా పర్సులో ఉంది. ఒక వైపు లిస్టు, ఇంకో వైపు "విందు: మధ్యాహ్నం 12 గంటలకు".

అప్పుడే ఇంకోటి పట్టుకున్నాడు. ఆధార్‌లో అమ్మ ఇంటిపేరు చివర, పూర్తిగా ఉంది. ఎస్టిమేట్‌లో మొదట, ఒక్క అక్షరంగా ఉంది. మన వాళ్లందరికీ ఉండేదే కదా, ఇదేం తప్పు అనుకున్నాను. "మనకు తెలుసు ఒక్కరే అని. ఢిల్లీల కూర్చొని సూసేటోనికి వీళ్లు ఇద్దరు మనుషులు. ఆధార్ల ఎట్లుంటే అట్లనే రాయించుకొని రా" అన్నాడు.

లేవబోతుంటే అడిగాడు, "ఎంత వస్తదనుకుంటున్నవ్?"

మొత్తం అని చెప్పడానికి నోరు రాలేదు. "సగమైనా..." అన్నాను.

"సగం అనుకోకు. కొంత వస్తది. మిగతాది ఇప్పటి నుంచే సూసుకో."

కటువుగా అనిపించింది కానీ ఆ రోజు ఆయన ఆ మాట చెప్పకపోతే నేను ఢిల్లీ మీద భారం వేసి కూర్చునేదాన్ని. ఆ సాయంత్రమే చీటీ వాళ్లకి చెప్పాను, ఈ నెల పాట నాకు కావాలని.

ఏ పార్టీ అని ఎవరూ అడగలేదు. డబ్బు కూడా అడగలేదు. అడిగింది బయట జిరాక్సు షాపు దగ్గర నిలబడ్డ ఒక మనిషి. అతనెవరో తెలీదు. "రెండు వేలు ఇస్తే లెటర్ రేపే తెచ్చిస్తా అక్కా" అన్నాడు. లోపల అంతసేపు కూర్చుని వచ్చాను కాబట్టి సరిపోయింది, ముందే కలిసి ఉంటే ఇచ్చేసేదాన్నేమో.

జూన్ 4న మీసేవలో ఇన్‌కం సర్టిఫికెట్‌కి పెట్టాను. స్కానింగ్‌తో కలిపి 60 తీసుకున్నారు, నోటరీ అఫిడవిట్‌కి 150. ఎన్ని రోజులంటే వారం, పది రోజులు అన్నారు. ఆ వారం అమ్మకి ఆయాసం పెరిగింది. మూడు దిండ్లు పెట్టుకుని కూర్చునే నిద్రపోయేది. బాత్‌రూమ్‌కి పోయి వస్తే ఐదు నిమిషాలు మాట్లాడలేకపోయేది. 8వ తేదీ మృగశిర కార్తె. ఆయాసం కదా, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి తీసుకెళ్లి చేప మందు వేయించమని పక్కింటి ఆంటీ ఒకటే పోరు. అమ్మకి కూడా మనసైంది. ఇది ఉబ్బసం కాదమ్మా, గుండెది అని చెప్పినా వినదు. ఆ జనంలో నువ్వు పడిపోతే నేను ఎత్తలేనని అరిచాను. అరిచాక నేనే ఏడ్చాను. 10న రెవెన్యూ ఆఫీసు గిర్దావర్ ఇంటికి వచ్చి, ఎవరెవరు సంపాదిస్తున్నారు, ఇల్లు సొంతమా కిరాయా అని అడిగి రాసుకుపోయారు. 12న, గురువారం, సర్టిఫికెట్ చేతికి వచ్చింది. ఎనిమిది రోజులు.

13న ఎస్టిమేట్ మార్పించడానికి హాస్పిటల్. డాక్టరు గారు ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నారు, బయటికి వచ్చేసరికి నాలుగు గంటలు. కొత్త ఎస్టిమేట్ మీద పేరు అచ్చం ఆధార్‌లో ఉన్నట్టే వచ్చింది, సంతకం, స్టాంపు అన్నీ ఉన్నాయి. సంతోషంగా లిఫ్టు దాకా పోయి మళ్లీ ఒకసారి చదివితే, వయసు 85! మా అమ్మకి 58. అంకెలు తిరగబడ్డాయి. రోజూ వోచర్లు చెక్ చేసే అలవాటు కాబట్టి కనిపించింది కానీ, లేకపోతే అదే ఢిల్లీకి పోయేది. మళ్లీ ప్రింటు, మళ్లీ సంతకానికి ఇంకో గంటన్నర. ఎవరిచ్చిన కాగితమైనా సరే, కౌంటర్ దాటకముందే పేరు, వయసు, తేదీ, స్టాంపు నాలుగూ చూసుకోండి.

14న, శనివారం, సెట్టు మొత్తం ఆఫీసులో ఇచ్చాను. ఎంపీ గారు ఊళ్లో లేరు, సంతకానికి మూడు రోజులు పట్టొచ్చన్నారు. 17 సాయంత్రం ఫోన్ వచ్చింది, లెటర్ రెడీ అని. 18న పోయి తీసుకున్నాను. ఎంపీ గారిని నేను చూడనే లేదు, గోడ మీద క్యాలెండర్లో తప్ప. లెటర్‌హెడ్ మీద ఆరు లైన్ల ఇంగ్లిషు. ఫలానా ఆవిడ నా నియోజకవర్గ వాసి, ఫలానా జబ్బు, ఫలానా హాస్పిటల్, ఇంత ఖర్చు, పేద కుటుంబం, సాయం చేయగలరు. "పేద కుటుంబం" అన్న చోట కొంచెం ఆగాను. మేమెప్పుడూ ఆ మాట అనుకోలేదు. కిరాయి కడుతున్నాం, పిల్లల్ని బడికి పంపుతున్నాం. ఆ కాగితం మీద చూసేదాకా అది మా గురించి అని తట్టలేదు.

పెద్దాయన ఆ పేపర్లు ఏ వరసలో పెట్టాలో చూపించి ట్యాగు కట్టి ఇచ్చాడు. "స్పీడ్ పోస్టు చెయ్యి, ఢిల్లీల ప్రధానమంత్రి ఆఫీసు అడ్రసుకు. రసీదు ఫొటో నాకు వాట్సాప్ పెట్టు. ఇక్కడ నుంచి మెయిల్ కూడా పోతది. ఒక సెట్ జిరాక్సు నీ దగ్గర ఉంచుకో." పోస్టుకి 71 రూపాయలు అయింది. 23న, సోమవారం, డెలివరీ అయినట్టు ట్రాకింగ్‌లో కనిపించింది.

ఇక ఆ తర్వాత ఏమీ లేదు. ఏమీ లేకపోవడం ఎంత కష్టమో రాయడం నాకు చేతకాదు. రోజుకి పదిసార్లు ఫోన్ చూసుకునేదాన్ని. ఆఫీసు వాళ్లు నన్నో వాట్సాప్ గ్రూపులో కలిపారు. రాజకీయ నాయకుల గ్రూపులు ఏ పార్టీవైనా ఒకటే తీరు కదా, శంకుస్థాపనలు, పుట్టినరోజులు, శాలువాలు. టింగుమంటే గుండె ఆగేది, తీరా చూస్తే రిబ్బన్ కటింగ్. మ్యూట్ చేద్దామంటే భయం. ఒకసారి మాత్రం మా వైపు రైల్వే గేటు రెండు రోజులు రిపేరుకి మూస్తారని ముందే పెట్టారు. దాంతో అమ్మని టెస్టులకి వేరే దారిలో తీసుకెళ్లాను. అది నిజంగా పనికొచ్చింది.

వారానికి ఒక్కసారే ఫోన్ చేయాలని నాకు నేనే రూలు పెట్టుకున్నాను. ప్రతిసారీ పెద్దాయన విసుక్కోకుండా, "రాలే బిడ్డా, వస్తే నేనే చేస్త" అనేవాడు.

జూలై 13, ఆదివారం లష్కర్ బోనాలు. పెళ్లయినప్పటి నుంచి అమ్మ ఒక్క ఏడాది కూడా మానకుండా ఉజ్జయిని మహంకాళికి బోనం ఎత్తింది. ఈసారి మా మరదలు ఎత్తింది. అమ్మ మంచం మీదే కూర్చుని బెల్లం అన్నం ఎలా వండాలో, కుండకి సున్నం, పసుపు ఎక్కడ పెట్టాలో, వేపమండలు ఎటు కట్టాలో ఒక్కొక్కటే చెప్పింది, మధ్య మధ్యలో ఊపిరి కోసం ఆగుతూ. మరదలు బోనంతో గుమ్మం దాటుతుంటే అమ్మ గోడ వైపు తిరిగింది.

జూలై 16, బుధవారం, మధ్యాహ్నం పన్నెండున్నర. షాపులో కస్టమర్‌కి బిల్లు కొడుతున్నాను. పెద్దాయన ఫోన్.

"బిడ్డా, వచ్చింది. 75 వేలు."

పోస్టు చేసిన 28వ రోజు. ముందు నా బుర్ర లెక్కే వేసింది. 3,60,000లో 75,000 అంటే 20.8 శాతం, మిగతాది 2,85,000. తర్వాత గోడౌన్‌లోకి పోయి టైల్ గ్రౌట్ బస్తా మీద కూర్చుని ఏడ్చాను. తక్కువ వచ్చిందని కాదు, ఎక్కువ వచ్చిందనీ కాదు. ఎవరో మా అమ్మ కాగితాలు చదివారు.

ఆ 75 వేలు మన చేతికి రావు. నేరుగా హాస్పిటల్‌కే పోతాయి. మంజూరు లెటర్ కాపీ పట్టుకుని బిల్లింగ్‌కి వెళ్తే వాళ్లకి ఇది అలవాటే, ఫైల్లో రాసుకుని అంత మేరకు అడ్వాన్స్ తగ్గించారు. మిగతా 2,85,000 ఎలా కూడిందంటే, నా గొలుసు, గాజుల మీద గోల్డ్ లోన్ 1,30,000, చీటీ పాడితే చేతికి వచ్చింది 95,000, తమ్ముడు 40,000, మా ఆడపడుచు అడగకుండానే పంపిన 20,000. ఫైనల్ బిల్లు ఎస్టిమేట్ కంటే 24,000 ఎక్కువైంది, బ్లడ్, ఐసీయూలో ఒక రోజు అదనం. అది షాపు ఓనరు గారు అడ్వాన్స్ ఇచ్చారు, నెలకి రెండు వేలు కోత. ఎస్టిమేట్ అంటే ఎస్టిమేటే, పైన ఇంకొంచెం చేతిలో ఉంచుకోండి.

ఇక ఈ లెటర్ కోసం తిరగడానికి నాకు అయిన ఖర్చు, చిన్న నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మీసేవ 60, నోటరీ 150, జిరాక్సులు 92, ఫొటోలు 80, పోస్టు 71, ఆటోలు, బస్సులు 1,240. మొత్తం 1,693. ఆరు రోజుల లీవుకి జీతంలో కోత 3,800. కలిపి 5,493. ఎంపీ ఆఫీసులో ఇచ్చింది సున్నా, పైగా రెండుసార్లు టీ తాగాను.

జూలై 21న అడ్మిట్ చేశాం. అదే రోజు పార్లమెంటు వర్షాకాల సమావేశాలు మొదలు. వార్డు టీవీలో సభ గోలగోలగా ఉంది, వాయిదా అంటున్నారు. అమ్మ తల తిప్పి చూసి, "మన ఎంపీ గారు ఉన్నారా అందులో?" అంది. అన్నీ చిన్న చిన్న తలలు, ఎవరు ఎవరో తెలియలేదు. ఉండే ఉంటారన్నాను. లెటర్ ఇంకో నెల ఆలస్యమై ఉంటే సంతకం కోసం మేం ఢిల్లీ వైపు చూస్తూ కూర్చునేవాళ్లం. సమావేశాలున్న నెలల్లో పని పడితే వారం, పది రోజులు కలుపుకుని లెక్క వేసుకోండి.

22న పొద్దున ఏడింటికి లోపలికి తీసుకెళ్లారు. ఒంటిగంట పావుకి డాక్టరు గారు బయటికి వచ్చారు, ఈసారి చేతిలో పెన్ను లేదు. "బాగా జరిగిందమ్మా" అన్నారు.

ఇవాళ ఆగస్టు 10. అమ్మ ఇంట్లో ఉంది. మెటల్ వాల్వు వేశారు కాబట్టి రక్తం పల్చబడే మాత్ర రోజూ, బ్లడ్ టెస్టు తరచుగా. ఆకుకూరలు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ తినొద్దన్నారు, అందుకని గోంగూర దగ్గర రోజూ గొడవే. రాత్రి ఫ్యాన్ ఆపితే అమ్మ ఛాతీలోంచి టిక్ టిక్ అని వినిపిస్తుంది. మొదటి రాత్రి గోడ గడియారం అనుకుని లేచి చూశాను. మా గడియారం ఎప్పుడో ఆగిపోయింది.

మంజూరు కాగితం ఒక కాపీ ఇమ్మంటే మొన్న శుక్రవారం ఆఫీసుకి పోయి ఇచ్చి వచ్చాను. పెద్దాయన బిల్లుల ఒరిజినళ్లు జాగ్రత్త అన్నాడు, మా మీద పడిన భాగానికి సీఎం రిలీఫ్ ఫండ్‌కి అడిగి చూడమని చెప్పాడు. అది ఇంకా పెట్టలేదు. ఇంటికొచ్చి అమ్మకి ఇదంతా చెబుతుంటే సగంలో ఆపింది.

"ఆ ఆఫీసులో తిరుమల లెటర్ కూడా ఇస్తారన్నావు కదా?"

"ఇస్తారు. కానీ డాక్టరు గారు మూడు నెలలు ప్రయాణాలు వద్దన్నారు."

"నేను ఇప్పుడన్నానా? నవంబర్‌కి రాయించు." వేళ్లు మడిచి లెక్క పెట్టింది, తను, నేను, మా ఆయన, పిల్లలిద్దరు, తమ్ముడు, మరదలు. మళ్లీ ఒకసారి మొదటి నుంచి లెక్క పెట్టింది.

"ఆరుగురికే అంటే ఎట్లనే? మనం ఏడుగురం."